మట్టి బండికి మేకప్... గుడిస కొండ మీద రిలీజ్!

హీరో మోటారు సైకిలు ఎక్కాడంటే మన హాల్లో ఈలలు ఆగవు. అది 1973 నాటి 'బాబీ' అయినా సరే, 2022 నాటి 'ఆర్.ఆర్.ఆర్.' అయినా సరే! 'బాబీ'లో రిషి కపూర్, డింపుల్ షికార్లు కొట్టిన చిన్న రాజ్‌దూత్ జి.టి.ఎస్. బండికి ఆ తర్వాత జనం 'బాబీ బండి' అని పేరే పెట్టేశారు. 'ఆర్.ఆర్.ఆర్.'లో వంతెన మీద ఒకాయన గుర్రం, ఒకాయన మోటారు సైకిలు! ఏది ముందు వెళ్తుందా అని చూసేలోపే ఈలలు మొదలు.

కానీ గురూ, మోటారు సైకిలుకి అసలు సిసలు వేషం వేసిన సినిమా వేరే ఉంది. 1963లో వచ్చిన 'ది గ్రేట్ ఎస్కేప్'. కథ రెండో ప్రపంచ యుద్ధం నాటిది, హీరో స్టీవ్ మెక్వీన్ ఎత్తుకుపోయేది జర్మన్ సైనికుల బండి. మరి తెర మీద కంచె దూకిందేమిటి? ఇంగ్లీషు ట్రయంఫ్! రంగు మార్చి, పైపై సామాను మార్చి జర్మన్ బండిలా తయారుచేశారు. ఆ కంచె దూకింది కూడా మెక్వీన్ కాదు, ఆయన స్నేహితుడు బడ్ ఎకిన్స్. అలాగని మెక్వీన్‌ని తక్కువ అంచనా వెయ్యకండి. మర్నాటి ఏడాది, అంటే 1964లో, తూర్పు జర్మనీలో జరిగిన ఆరు రోజుల మట్టి పోటీలో అమెరికా జట్టు తరఫున ఇద్దరూ స్వయంగా పాల్గొన్నారు.

బండికి వేషం వెయ్యడం వేరు, బండిని పనికి సిద్ధం చెయ్యడం వేరు. ఈ తేడా ఏమిటో విజయవాడ ఆటోనగర్‌లో మొదలుపెట్టి మారేడుమిల్లి అడవిలో చూసొచ్చాను. ఆ కబుర్లే ఇవి.

హీరోగారి ఎంట్రీ

2023 డిసెంబరులో నా బండి ఇంటికొచ్చింది. హీరో ఎక్స్‌పల్స్ 200, నాలుగు వాల్వుల రకం. పత్రికలకు రాసుకుని బతికేవాడికి లక్షన్నర బండి ఏమిటని మా అమ్మ ప్రశ్న. "పెళ్ళి చేసుకోరా అంటే బండి తెచ్చి గుమ్మంలో పెట్టాడు" అని పక్కింటి పిన్నిగారికి ఫిర్యాదు కూడా చేసింది. నేను నవ్వి ఊరుకున్నాను. ముప్పై దాటిన కొడుకు ఇంతకంటే చెయ్యగలిగింది ఏముంటుంది!

ఇక్కడ చిన్న మాట. అచ్చమైన డర్ట్ బైకంటే పోటీల్లో తోలేది. బరువు నూరు, నూట పది కిలోల దగ్గర ఉంటుంది. హెడ్‌లైటు ఉండదు, ఇండికేటరు ఉండదు, నంబరు ప్లేటు అసలుండదు. మన దేశంలో దాన్ని రోడ్డు మీదికి తేవడానికి లేదు. నా బండి రోడ్డుకీ, మట్టికీ రెండింటికీ పనికొచ్చే రకం. బరువు నూట అరవైకి ఒకటి రెండు కిలోలు తక్కువ. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18 అంగుళాలు, రెండూ పుల్లల చక్రాలే. ముందు చక్రం పెద్దదెందుకంటే రాయి అడ్డమొస్తే గుద్దుకోకుండా ఎక్కి దిగిపోవడానికి. పుల్లలెందుకంటే గట్టి దెబ్బ తగిలితే విరక్కుండా కాస్త వంగడానికి.

ఈ జాతి బండి మన దేశంలో మామూలు జీతగాడికి అందే ధరలో రావడం ఈమధ్యే. 2011లో ఇదే కంపెనీ 'ఇంపల్స్' అని 150 సి.సి. బండి తెచ్చింది. అది ఎక్కువ రోజులు ఆడలేదు. ఎక్స్‌పల్స్ 2019లో వచ్చింది. ఈ రెంటి మధ్యలో, 2015లో, మన సి.ఎస్. సంతోష్ డకార్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. కుర్రకారుకి మట్టి మీద మోజు పెరగడంలో ఆయన వాటా చాలానే ఉంది.

మేకప్ రూము - ఆటోనగర్

విజయవాడ ఆటోనగర్ గురించి మీకు చెప్పక్కర్లేదు. 2014లో నాగచైతన్య 'ఆటోనగర్ సూర్య' వచ్చాక పేరు తెలియనివాళ్ళు కూడా తెలుసుకున్నారు. పొద్దున్న తొమ్మిదింటికి అడుగుపెడితే ఒక పక్క లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు, ఒక పక్క వెల్డింగు మెరుపులు, మరో పక్క లేతు మిషన్ల రొద. గాలి నిండా పెయింటు వాసన, గ్రీజు వాసన. టీ గ్లాసు పట్టుకుంటే దాని మీద కూడా ఎవరిదో నల్లటి వేలిముద్ర!

అక్కడ ఒక మేస్త్రీ ఉన్నాడు. అరవై దాటినవాడు. రాజ్‌దూత్‌ల కాలం నుంచి బళ్ళు విప్పుతున్నాడు. నేను జేబులోంచి చీటీ తీశాను. పెద్ద సైలెన్సరు, స్టిక్కర్లు, నాలుగు ఫాగ్ లైట్లు, ర్యాలీ సస్పెన్షను... వరసగా చదివాను. ఆయన బీడీ ఆర్పి, "బాబూ, ముందు బండెక్కి నిలబడండి" అన్నాడు.

"కూర్చోవాలా?"

"కూర్చోవడం కాదు, ఫుట్‌రెస్టుల మీద నిలబడండి. మట్టిలో కూర్చుని తోలేవాడు నడుం విరగ్గొట్టుకుంటాడు."

నిలబడ్డాను. హ్యాండిలు కిందికుంది, నడుం వంగిపోయింది. క్లచ్ పిడి పైకుంది, మణికట్టు మెలితిరిగింది. ఆయన చీటీ నా చేతిలో పెట్టి, "మొదటి పని పైసా ఖర్చు లేంది" అని స్పానరు తీశాడు. హ్యాండిల్ని కాస్త ముందుకు తిప్పాడు. క్లచ్, బ్రేకు పిడులు కిందికి దించాడు. ఫుట్‌రెస్టు మీది రబ్బరు ఊడబెరికాడు. కింద ఇనుప పళ్ళున్నాయి, తడి బూటు జారకుండా పట్టుకునేవి అవే. హ్యాండిలు కింద అంగుళం ఎత్తు దిమ్మలు రెండు వేశాడు. రైజర్లంటారు వాటిని. మళ్ళీ నిలబడ్డాను. నా ఒంటికి కొలత తీసి కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది!

స్ప్రింగు లెక్క, పళ్ళ లెక్క

రెండో పని సస్పెన్షను. కొత్త బండిలో స్ప్రింగు బిగువు ఎవరో సగటు మనిషిని ఊహించుకుని పెట్టింది. ఆ సగటు మనిషి మీరు కాకపోవచ్చు. దీనికో లెక్కుంది, రాసిపెట్టుకోండి. వెనక చక్రాన్ని గాల్లోకి లేపి, ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత చక్రాలు రెండూ నేలమీద ఆనించి, మీరు హెల్మెట్టూ, బూట్లూ, బ్యాగూ అన్నీ వేసుకుని ఎక్కాక అదే చోట మళ్ళీ కొలవండి. స్ప్రింగు మొత్తం ఆటలో మూడో వంతుకి కాస్త తక్కువ దిగాలి. నా బండి వెనక ఆట 170 మిల్లీమీటర్లు. అంటే 50 దగ్గర దిగితే బాగున్నట్టు. నాది అంతకంటే ఎక్కువే దిగింది. మేస్త్రీ స్ప్రింగు రింగు రెండు మెట్లు బిగించాడు. అయిదు నిమిషాల పని!

"మరి ర్యాలీ కిట్టు?" అన్నాను ఆశగా.

ఆ కిట్టు సంగతి మీకూ చెప్పాలి. 2020 నుంచి కంపెనీయే అమ్మింది. ముందు ఆట 190 నుంచి 250 మిల్లీమీటర్లకి, వెనక 170 నుంచి 220కి పెరుగుతుంది. గుంటలూ గోతులూ లెక్కే ఉండవు. కాకపోతే అన్నీ ఉన్న ర్యాలీ బండి సీటు నేల నుంచి 885 మిల్లీమీటర్లు. మామూలు బండిది 825. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. మేస్త్రీ నన్ను కిందికీ పైకీ చూసి, "కొండ వాలులో బండాపితే కాలు నేలకి అందాలి కదా బాబూ! అందకపోతే లోయకి అందుతుంది" అన్నాడు. కిట్టుకి అక్కడే సెన్సారు కత్తెర పడింది.

మూడోది పళ్ళ చక్రాలు. ముందు స్ప్రాకెట్టుకి 13 పళ్ళు, వెనక దానికి 39 పళ్ళు ఉన్నాయనుకోండి. ముందుది మూడు చుట్లు తిరిగితే వెనకది ఒక చుట్టు. ముందు 13 తీసి 12 పళ్ళది వేస్తే మూడుకి బదులు మూడుంపావు చుట్లు తిరగాలి. లాగుడు ఎనిమిది శాతం పెరుగుతుంది. కానీ గంటకి నూరు కిలోమీటర్లు వెళ్ళే చోట తొంభై రెండే వెళ్తుంది, ఇంజను అరుపు మాత్రం అంతే ఉంటుంది. కొండకి లాభం, హైవేకి నష్టం. నేను దూరాలు తిరిగేవాణ్ణి కాబట్టి పళ్ళ జోలికి పోలేదు. రోజూ కొండల్లోనే తిరిగేవాళ్ళకి మాత్రం ఇంత తక్కువ ఖర్చులో ఇంతకంటే మంచి మార్పు లేదు.

విలన్ - సైలెన్సరు

ఇక అందరికీ ఇష్టమైనది, చీటీలో మొదటిది. దడదడలాడే సైలెన్సరు! వీధి చివర ఉండగానే ఇంట్లో టీ గ్లాసులు వణకాలని కుర్రాళ్ళ కోరిక. నిజం చెప్పమంటారా? ఇప్పటి బళ్ళలో పెట్రోలుని కంప్యూటరు కొలిచి పోస్తుంది. సైలెన్సరు ఒక్కటీ మారిస్తే ఆ కొలత కుదరదు. చప్పుడు పెరిగినంత బలం పెరగదు. పైగా మోటారు వాహనాల చట్టం ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం నేరం. ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కంపెనీ నిర్ణయించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. ఊడబెరికిన సైలెన్సర్లని వరసగా పేర్చి పోలీసులు రోడ్డు రోలరు ఎక్కించడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. ఆ సన్నివేశంలో హీరో రోలరే!

బీమా సంగతి కూడా మర్చిపోకండి. చెప్పకుండా చేసిన మార్పు ఉంటే రేపు ప్రమాదం జరిగినప్పుడు క్లెయిముకి అడ్డం పడొచ్చు. ఏం బిగించినా బీమా వాళ్ళకి కాగితం మీద తెలియజెయ్యడం మంచిది.

చివరికి నా డబ్బు వెళ్ళింది మూడింటికి. లోపల అల్యూమినియం కడ్డీ ఉన్న హ్యాండ్ గార్డులు, ఆయిల్ కూలరు ముందు జాలీ, మట్టికి పనికొచ్చే గళ్ళ టైర్లు. సీటు కింద పంక్చరు సామాను, స్పేరు ట్యూబు, చేతి పంపు, క్లచ్ తీగ ఒకటి. మేస్త్రీ మజూరీ తీసుకుంటూ, "సినిమాలో ఫైటు చేసేది హీరో అయినా, ఎముకలు విరక్కుండా చూసేది కింద పరిచిన పరుపు. మీరు పరుపు కొన్నారు బాబూ" అన్నాడు. ఆయన మాట్లాడే తీరు చూస్తే మన రచయితలు వెళ్ళి ఆటోనగర్‌లో కూర్చోవాలనిపించింది!

గోదావరి దాటి...

2024 జనవరిలో, సంక్రాంతి హడావిడి తగ్గాక బయల్దేరాను. ఏలూరు మీదుగా కొవ్వూరు, అక్కణ్ణించి రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కి రాజమండ్రి. పైన మనం, కింద రైలు, ఆ కింద గోదారి. ఈ వంతెన 1974లో మొదలైంది. కృష్ణగారి నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు' కూడా ఆ ఏడాదే విడుదలైంది. నేను వెళ్ళే దారి ఆ రామరాజు తిరిగిన దారే. గోకవరం దాటాక రంపచోడవరం వస్తుంది. 1922లో రామరాజు దళం దాడి చేసిన పోలీసు స్టేషన్లలో రంపచోడవరం ఒకటి.

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఎనభై అయిదు కిలోమీటర్లు ఉంటుంది. తారు రోడ్డు మీద గళ్ళ టైర్లు తేనెటీగల్లా రొద పెడతాయి. మలుపులో మామూలు టైరులాగ పట్టవు, బ్రేకు కూడా ముందే వెయ్యాలి. మట్టి టైరు వేసుకున్నవాడు తారు మీద ఒదిగి వెళ్ళాల్సిందే, అది దాని గుణం.

మారేడుమిల్లి ఇప్పుడు సినిమా వాళ్ళకి పుట్టిల్లు. 2021లో వచ్చిన 'పుష్ప'లో మీరు చూసిన అడవిలో చాలా భాగం ఇదే. కథ శేషాచలంలో, షూటింగు ఇక్కడ! రోడ్డు పక్కన వెదురు బొంగులో చికెన్ కూరి, ఆకుతో మూతి మూసి, నిప్పుల మీద తిప్పుతుంటారు. నూనె చుక్క వెయ్యరు. బొంగు చీల్చి విస్తట్లో గుమ్మరిస్తే ఆ పొగ వాసనకే సగం ఆకలి తీరుతుంది, మిగతా సగం రెట్టింపవుతుంది.

క్లైమాక్సు - గుడిస దారి

మర్నాడు తెల్లవారుజామున గుడిస కొండకి. అటవీ శాఖ చెక్‌పోస్టులో పేరు రాయించుకుని, రుసుము కట్టి లోపలికి వెళ్ళాలి. నిబంధనలు మారుతుంటాయి, అక్కడే అడిగి తెలుసుకోండి. పుల్లంగి దాకా ఫరవాలేదు. ఆ తర్వాత కొండెక్కే దారి మట్టీ, రాళ్ళూ, వాన నీళ్ళు కోసిన గాడులూ. ఇక్కడ ఆగి టైర్లలో గాలి తీశాను. తారు మీద ముప్పైకి దగ్గర్లో ఉన్నది ఇరవైకి దించాను. గాలి తగ్గితే టైరు నేలమీద వెడల్పుగా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు!

నిలబడ్డాను. మోకాళ్ళు వదులు, చూపు దూరం, రెండో గేరు. మేస్త్రీ తిప్పిన హ్యాండిలు అప్పుడు అర్థమైంది నాకు. బండి కింద గంతులేస్తోంది, నేను పైన తిన్నగా ఉన్నాను.

ఒక మలుపులో గులకరాళ్ళ మీద ముందు చక్రం జారింది. నడిచే వేగమే కాబట్టి దెబ్బలేం తగల్లేదు. బండి ఎడమ పక్కకి పడుకుంది. లేపి చూస్తే హ్యాండ్ గార్డు మీద వేలెడు గీత, దాని వెనక క్లచ్ పిడి చెక్కుచెదరకుండా ఉంది. అదే విరిగి ఉంటే? ఫోను సిగ్నలు లేదు. మెకానిక్కు ముప్పై కిలోమీటర్ల అవతల. ఆ గార్డు ఖరీదు నాకు ఆ క్షణంలో చాలా చవగ్గా కనిపించింది.

ఊపిరి తీసుకుంటుంటే కింద నుంచి ఇంకో బండి చప్పుడు. పాత నూరు సి.సి. బండి. అరిగిన టైర్లు, తాడుతో కట్టిన మడ్‌గార్డు, వెనక బియ్యం బస్తా, దాని మీద ఓ పిల్లాడు. తోలుతున్నది ఓ కొండరెడ్డి పెద్దాయన, కాళ్ళకి హవాయి చెప్పులు. నా పక్కనే ఆపి, "దెబ్బేమన్నా తగిలిందా బాబూ?" అని అడిగాడు.

"లేదు బాబాయ్. మీరు రోజూ ఇట్లాగే వెళ్తారా?"

"మాకు ఇదే రోడ్డు గదా! వానల్లో ఇది కూడా ఉండదు. మొన్నా మధ్య మా కోడల్ని డోలీ కట్టి దింపాం." కొండచీపుళ్ళూ, చింతపండూ దించేది, బియ్యం ఎక్కించేది, జ్వరమొస్తే దిగేది, అన్నీ ఈ దారినేనట. వెళ్ళబోతూ ఆగాడు. "పైన గడ్డి మీదికి బండి ఎక్కించమాకండి. మా గొడ్లు మేసేది అదే. చక్రం తొక్కిన చోట మళ్ళీ లేవదు" అన్నాడు.

పాత బండి కొండెక్కి మలుపు తిరిగి మాయమైపోయింది. నాకు సాహసం అయినది ఆయనకి బజారుకెళ్ళి రావడం!

కొండ పైన

పైన గుడిస చూడాల్సిందే కానీ చెప్పతరం కాదు. చెట్టు లేని పచ్చిక, ఒకదాని వెనక ఒకటి గుండ్రటి కొండలు, కింద లోయల్లో పాలు పొంగినట్టు మంచు. సూర్యుడు లేచేసరికి గడ్డి కొసలన్నీ మెరిశాయి. కెమెరా ఎక్కడ పెట్టినా పాట తీసుకోవచ్చు.

కానీ ఆ పచ్చిక మీద నేను మరొకటి కూడా చూశాను. గుండ్రంగా, అడ్డంగా, ఎనిమిది అంకెలా టైర్లు గీసిన గీతలు. ఎర్రమట్టి బయటపడి గాయాల్లా ఉన్నాయి. అర నిమిషం వీడియో కోసం ఎవరో వెనక చక్రం గిరగిరా తిప్పినట్టున్నారు. పెద్దాయన అడిగింది ఎందుకో అప్పుడు కళ్ళకి కట్టింది. నా బండికి గళ్ళ టైర్లున్నాయి. గడ్డిని పట్టేవీ అవే, పెకిలించేవీ అవే. బండిని దారి చివరే నిలబెట్టి నడిచి వెళ్ళాను. పది నిమిషాల నడక. హెల్మెట్టు తీసేసరికి గాలి గడ్డిలోంచి వెళ్ళే చప్పుడు వినిపించింది. దడదడ సైలెన్సరు ఉన్నవాడికి అది ఏనాటికీ వినిపించదు.

కొత్త బండి కొన్న, కొనబోతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. డబ్బు ఖర్చు పెట్టే వరస ఇది. మొదట మీ ఒంటికి: మంచి హెల్మెట్టు, చీలమండ కప్పే బూట్లు, మోకాలి కవచాలు, గ్లవ్స్. తర్వాత పైసా ఖర్చు లేని సర్దుబాట్లు. ఆ తర్వాత బండిని కాపాడే సామాను. అప్పుడు టైర్లు. ఇంకా మిగిలితే, మీ ఎత్తు ఒప్పుకుంటే, సస్పెన్షను. స్టిక్కర్లు అన్నిటికంటే ఆఖరు. సైలెన్సరు అసలు లిస్టులోనే లేదు.

కొండ మీదికి వెళ్ళినప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. మన షూటింగు సాయంత్రానికి అయిపోతుంది, ప్యాకప్ చెప్పి వచ్చేస్తాం. ఆ దారి మీద రేపు పొద్దున్న మళ్ళీ బియ్యం బస్తా ఎక్కాలి, ఆ గడ్డి ఆ గొడ్లకి దక్కాలి.